లింగస్వామి నేసిన గరిక

గరికను పీకేవాళ్లే తప్ప నాటేవాళ్లు ఆ ఊళ్లో అంతవరకు లేరు. పత్తి చేలోనైనా, మిరప మడిలోనైనా, వరి గట్టు మీదైనా గరిక కనబడితే వేళ్లతో సహా తవ్వడం, ఎండబెట్టడం, మళ్లీ వానకు మొలిస్తే మళ్లీ తిట్టుకుంటూ తవ్వడం. అక్కడి సేద్యంలో సగం ఇదే. అందుకే మృగశిర కార్తెలో మిరుగు వానలు పడ్డ వారానికి లింగస్వామి ఖాళీ యూరియా సంచి చంకన పెట్టుకుని చేనుకు వచ్చి గరిక కావాలని అడిగితే, ఆ చేను రైతు బీరన్న చేతిలోని పార ఆగిపోయింది.

“గరికనా? నీకా?”

“ఔ. ఒక సంచెడు గావాలె.”

“మ్యాక గిట్ల కొన్నవా?”

“లేదు. నాటుదామని.”

బీరన్న పారను గట్టుకు ఆనించి, తలకు చుట్టిన తువ్వాల విప్పి మొహం తుడుచుకున్నాడు. నవ్వు దాచుకోవడానికి చేసిన పని అది. దాగలేదు.

“లింగన్నా, మా నాయిన గీ గరికె పీక్కుంటనే పోయిండు. నేను గూడ గదే పనిల ఉన్న. నువ్వేమో నాటుతనంటవు. గీ ముచ్చట ఇంకెవ్వలికన్న చెప్పినవా?”

“నీకే చెప్పిన.”

“మంచిగ చేసినవు. ఇంకెవ్వలికి చెప్పకు. సంచెడు గాదు, బండెడు తీస్కపో. పీకినందుకు పొద్దుమీకి కల్లు గూడ నేనే పోయిస్త.”

లింగస్వామి నవ్వలేదు. గట్టు మీద గొంతుక్కూర్చుని, పాత పోగులు విడదీసినంత జాగ్రత్తగా గరిక తీగలను ఒక్కొక్కటే విడదీసి సంచిలో వేసుకోసాగాడు.

మోత్కూరుకు ఆరు కిలోమీటర్ల దూరంలోని ఆ ఊళ్లో లింగస్వామిది నేత ఇల్లు. పదకొండేళ్లప్పుడు మగ్గం గుంతలో కాళ్లు పెట్టినవాడు, యాభై ఆరేళ్లకు మోకాళ్లు మొరాయించేదాకా పైకి తీయలేదు. డాక్టరు ఇక వద్దన్నాక మగ్గం విప్పి కట్టెలన్నీ వెనక రేకుల కింద పేర్చాడు. అలా పేర్చి ఏడేళ్లు దాటింది. పని మానాడు కాని చేతి అలవాటు మానలేదు. ఎక్కడ పోగు వేలాడుతున్నా చూడలేడు. చొక్కా జేబులో చిన్న కత్తెర ఎప్పుడూ ఉంటుంది. బస్సులో ముందు సీటు మనిషి కాలరు మీద దారం కనబడితే దిగేలోపు అది తెగిపోవాల్సిందే. ఒకసారి పెళ్లిలో అక్షింతలు వేయడానికి వేదిక ఎక్కి, పెళ్లికొడుకు షేర్వాణీ అంచున పోగు లేచి ఉండటం చూసి కత్తెర తీశాడు. పెళ్లికొడుకు మేనమామ ఎగిరి వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. అదంతా వీడియోలో ఉంది. ఆ ఇంటివాళ్లు చుట్టాలు వచ్చినప్పుడల్లా పెట్టుకుని చూస్తారు.

“మంది బట్టలు నీకెందుకయ్యా?” అని భార్య గోవిందమ్మ తల కొట్టుకుంటుంది.

“నేసినోని ఇజ్జత్ గదనే అది” అంటాడు లింగస్వామి.

కొడుకు నరేష్ జడ్చర్లలో మందుల కంపెనీలో పని చేస్తాడు. పదిహేను రోజులకోసారి వస్తాడు. కోడలు దీప్తి సైన్సు చదివి, మోత్కూరు సర్కారు దవాఖానలో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం చేస్తోంది. పొద్దున ఎనిమిదికి స్కూటీ మీద వెళ్తే సాయంత్రం దాకా రాదు. అందుకని వాళ్ల మూడేళ్ల కూతురు మనస్విని పగలంతా తాత లోకం. లింగస్వామి ఆమెను పదింటికి గల్లీ చివరి అంగన్వాడీకి ఎత్తుకుపోతాడు. అన్నం తిన్నాక ఎత్తుకొస్తాడు. దారిలోనే ఆమె అతని భుజం మీద నిద్రపోతుంది. ఆ నాలుగు వందల అడుగులు నడవడం కోసమే తన మోకాళ్లు ఇంకా మిగిలి ఉన్నాయని అతని నమ్మకం.

ఆ ఏడు వానలకు ముందు అంగన్వాడీ ముందర బురద కాకుండా ఎవరో గరుకు రాళ్ల మొరం పోయించారు. మనస్విని పరుగెత్తి దాని మీద పడింది. నువ్వుగింజంత రాయి మోకాలిలో దిగింది. తాతా నానమ్మా పసుపు పెట్టారు. మూడో రోజుకు చీము పట్టి జ్వరం వచ్చింది. దీప్తి రోజూ ఇలాంటి చీమునే గాజుపలక మీద పెట్టి చూసే మనిషి. అందులో ఏముంటుందో, దాని పేరేమిటో, అది రక్తంలోకి పోతే ఏమవుతుందో ఆమెకు తెలుసు. తెలియని వాళ్లకు ఒకటే భయం, తెలిసిన వాళ్లకు పేరుకొక భయం. తొమ్మిది రోజులు తానే కట్టు కట్టింది. పదో రోజు కట్టు విప్పి, మాట చెప్పింది.

“మామా, దసరా సెలవులైనంక పాపను మోత్కూర్ల ప్రైవేటు బడిల ఏద్దమనుకుంటున్న. ఆడ నర్సరీ పిల్లలకు కింద పచ్చగ మెత్తటి కార్పెట్ ఏసిన్రు. బస్సు మన గల్లీ దాక వస్తది.”

“ఎన్నింటికి వస్తది బిడ్డా?”

“ఏడున్నరకు.”

“మల్ల దింపేది?”

“నాలుగున్నర అయితదట.”

లింగస్వామి వేళ్లు లెక్కపెట్టాడు. తొమ్మిది గంటలు. ఏడున్నరకు పిల్ల ఇంకా బోర్లా పడుకుని ఉంటుంది. మధ్యాహ్నం నిద్ర బల్ల మీద పోవాలా? అడగాలనిపించిన మాటలు చాలా ఉన్నాయి. అడిగింది ఒకటే.

“మన అంగన్వాడీల నేల మెత్తగైతె, ఈడనే ఉంచుతవా?”

దీప్తి వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. ఆలోచించి చెప్పింది. “మెత్తగుండాలె. రాళ్లు, ముండ్లు ఉండొద్దు. పురుగు పుట్ర దాగేటంత ఎత్తు ఏదీ పెరగొద్దు. పిల్ల పడ్డా దెబ్బ తగలొద్దు. గట్లయితే వచ్చే ఎండకాలం దాక ఈడనే ఉంచుత.”

“ఎప్పటి వరకు అట్ల జేయాలె?”

“దసరా వరకు.”

“సరే” అన్నాడు లింగస్వామి, ఎట్లా చేయాలో ఏమాత్రం తెలియకుండా.

తెలిసింది మర్నాడే. చేను దారిన పోతూ కాలు జారి గట్టు మీద పడ్డాడు. చెడ్డ మోకాలే నేలకు తగిలింది. నొప్పికి సిద్ధపడి కళ్లు మూసుకున్నాడు. నొప్పి రాలేదు. కళ్లు తెరిచి చూస్తే మోకాలి కింద గరిక.

అంగన్వాడీ టీచరు వసంతలక్ష్మి ఒప్పుకోవడానికి కొంచెం వెనకాడింది. “కాకా, పైనుంచి ఎవలన్న వచ్చి ఇదేందని అడిగితె నేనేం చెప్పాలె?”

“గడ్డి మొల్చింది అను టీచరమ్మా. గడ్డి మొల్వనీకి ఎవల పర్మిషన్ గావాలె?”

ఆమె పిల్లలను వరండాలో ఆడించుకుంటానని, వాకిలి అతనికి వదిలేసింది. పాత చీరలు అడ్డం కట్టి లింగస్వామి పని మొదలుపెట్టాడు. మొరం గీకి ఎత్తి పోశాడు. కింది మట్టిని జల్లెడ పట్టాడు. ఎర్రమన్ను పోయించాడు. బీరన్న గొర్రెల ఎరువు తెచ్చి కుప్ప పోస్తే, ఆదివారం దీప్తి వచ్చి గుప్పెడు తీసి పిసికి, వాసన చూసి తల అడ్డంగా ఊపింది.

“ఇది పచ్చి ఎరువు. పిల్లలు ఆడేటి కాడ వద్దు. ఏడాది మాగింది గావాలె.”

“మా గొర్లు పెట్టినదానికి గూడ పరీక్షలొచ్చినయా?” అంటూనే బీరన్న దాన్ని ఎత్తుకుపోయి, నిరుటి కుప్ప తెచ్చాడు. అది చాయపొడిలాగా నల్లగా, పొడిపొడిగా, ఏ వాసనా లేకుండా ఉంది.

రైతు అయితే గరిక తీగలను కత్తితో తుంపి, వాకిలంతా చల్లి, పైన మన్ను జల్లి, నీళ్లు కొట్టి ఇంటికి పోయేవాడు. లింగస్వామి రైతు కాదు. అటూ ఇటూ మేకులు కొట్టి, మగ్గం పనిలో మిగిలిన నూలు దారాన్ని జానెడుకొకటి చొప్పున బిగించి కట్టాడు. అది పడుగు. తర్వాత అడ్డంగా కట్టాడు. అది పేక. ఆ దారాల వెంట రెండు కణుపుల ముక్కలను ఒకదాని పక్కన ఒకటి గుచ్చాడు. పీట మీద కూర్చుని, పీటతో పాటే జరుగుతూ, తొమ్మిది రోజులు నాటాడు. పదో రోజు దారాలు విప్పి చూస్తే వాకిలి నిండా గళ్లు.

నాలుగు వానలకు గరిక చిగురు పట్టింది. శ్రావణం నాటికి ఎర్రమట్టి మీద పచ్చటి గీతలు తేలాయి. దారినపోయేవాళ్లు ఆగి చూడసాగారు. “లింగన్న అంగన్వాడీకి గళ్ల లుంగి నేసిండు” అని ఎవరో అన్నారు. అప్పటినుంచి ఆ వాకిలిని అందరూ లుంగీ అనే పిలిచారు. లింగస్వామికి అందులో వెక్కిరింపు వినబడలేదు, పొగడ్తే వినబడింది.

అయితే కొద్ది రోజులకు గీతల్లోంచి సన్నటి తీగలు పక్కకు సాగి, ఖాళీ గళ్లలోకి తలలు పెట్టాయి. తెల్లారి వచ్చిన లింగస్వామికి అవి అంచు దాటిన పోగుల్లా కనబడ్డాయి. చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. ఆనాటినుంచి రోజూ పిల్లలు రాకముందే పీట వేసుకుని, వరస తర్వాత వరసగా, బయటికి వచ్చిన ప్రతి తీగనూ కత్తెరతో తీసేశాడు. తీసినవాటిని గుప్పిళ్లతో వంటగది వెనక గోడ అవతలికి విసిరేశాడు.

బీరన్న ఒకసారి వచ్చి నడుము మీద చేతులు పెట్టుకుని చూశాడు. “గిట్లనే ఉంచుతవా?”

“గిట్లనే” అన్నాడు లింగస్వామి గర్వంగా.

నేసేవాడి పని నేసేవాడికే ఎరుక అనుకున్నాడేమో, బీరన్న తన దారిన పోయాడు.

రాఖీ పున్నమి వెళ్లిన ఆదివారం దీప్తి వచ్చి, వాకిలి మధ్యన కూర్చుని, ఒక గడిలో అరచెయ్యి పరిచి నొక్కి చూసింది. వేళ్ల కొసలకు గరిక తగిలింది. అరచేతి కింద నేల గట్టిగా, పెళుసుగా ఉంది.

“మామా, గీతలు మస్తున్నయి. గని పిల్ల పోయి గీతల మీదనే పడతదా?”

లింగస్వామి మర్నాడే గీతల మధ్య ఇంకో గీత నాటాడు. గళ్లు చిన్నవయ్యాయి తప్ప నేల మూసుకోలేదు. కొత్త గీతల తీగలనూ కత్తిరించక తప్పలేదు. ఇంట్లో ప్రైవేటు బడి ఫారం ఫ్రిజ్ మీద చేరింది. మంచినీళ్లకు పోయినప్పుడల్లా దాని మీద నవ్వుతున్న పిల్లల బొమ్మ కనబడేది. అతనికి దాహం తగ్గింది.

దసరా ఇంకా ముప్పై రోజులుందనగా, ఒక మధ్యాహ్నం వసంతలక్ష్మి చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చింది.

“కాకా, పాప ఇంటికి వచ్చిందా?”

రాలేదు. అన్నాలు పెట్టి, చేతులు కడిగించి, లెక్క చూస్తే ఒకరు తక్కువట. లింగస్వామి ఎట్లా పరుగెత్తాడో అతనికే తెలియదు. వరండాలో లేదు. వాకిట్లో లేదు. గల్లీలో ఎవరూ చూడలేదన్నారు. అప్పుడు వంటగది గోడ అవతలినుంచి నవ్వు వినబడింది. కట్టిన చీర ఒకచోట కిందినుంచి లేచి ఉంది. అందులోంచి దూరి గోడ చుట్టూ తిరిగి పోయాడు.

బియ్యం కడిగిన నీళ్లు, పిల్లలు చేతులు కడిగిన నీళ్లు పారే జాగా అది. అక్కడ మనస్విని నిలబడి, చేతులు చాపి, వెనక్కి పడింది. లేచింది. మళ్లీ పడింది. పడ్డప్పుడల్లా నవ్వుతోంది.

“తాతా, పరుపు” అంది.

లింగస్వామి ముందు పిల్లను ఎత్తుకుని కాళ్లూ చేతులూ తడిమాడు. గీత కూడా పడలేదు. అప్పుడు కింద చూశాడు. తాను నెల రోజులకు పైగా విసిరేసిన తీగలన్నీ అక్కడ ఒకదాని మీద ఒకటి పడి, పాకి, అల్లుకుని, నేల కనబడకుండా దట్టంగా పరుచుకుని ఉన్నాయి. ఒక తీగ పట్టి లాగాడు. రాలేదు. గట్టిగా లాగితే మట్టితో సహా లేచింది. ప్రతి కణుపు కింద తెల్లటి వేళ్ల కుచ్చు. కొస చూస్తే గోధుమరంగు తిరిగిన కోత, కత్తెర పెట్టిన చోటు. తన చేతి పనే.

గోవిందమ్మ రొప్పుతూ వచ్చేసరికి అతను పిల్లను ఒళ్లో పెట్టుకుని అక్కడే కూర్చుని ఉన్నాడు. కళ్లలో నీళ్లు.

“దొరికింది గదా, ఇంకెందుకయ్యా ఏడుస్తున్నవు?”

“ఏడుస్తలేనే, నవ్వొస్తాంది. నలభై ఐదేండ్లు నేసి నేసి నా బుద్ధి మొద్దుబారింది గోయిందా. బట్టకు అంచు దాటిన పోగు కసువు. దీనికేమో అదే పాణం. నేను దినాం దాని కాళ్లు నరుక్కుంట, ఎందుకు నడుస్తలేవే అని అడుగుతున్న.”

“నలభై ఏండ్లసంది నన్ను గూడ గట్లనే అడుగుతున్నవు” అంది గోవిందమ్మ, పిల్లను అందుకుంటూ.

సాయంత్రం దీప్తి రాగానే, పిల్ల కాసేపు కనబడకుండా పోయిన సంగతి అతనే చెప్పాడు. దాచితే దాగేదే. దీప్తి చాలాసేపు కూతుర్ని వదల్లేదు. తర్వాత టార్చి తీసుకుని అంగన్వాడీకి వెళ్లి, చీరలు తీయించి, కిందివరకు ఇనుప తీగల జాలీ కట్టించింది. ఫ్రిజ్ మీది ఫారం తీసి పేరు, పుట్టిన తేదీ నింపింది. సంతకం మాత్రం పెట్టలేదు.

మర్నాడు లింగస్వామి బీరన్నను పిలిచాడు. గోడ వెనక పెరిగినదాన్ని బీరన్న పారతో చాపముక్కల్లా కోసి ఇస్తుంటే, లింగస్వామి తెచ్చి గళ్లలో పరిచాడు. చాలని చోట తీగలను తుంపి చల్లాడు. పైన మన్ను జల్లి, ఇద్దరూ భుజాలు పట్టుకుని పాదాలతో తొక్కారు. వరండాలోంచి పిల్లలు చప్పట్లు కొట్టారు.

“ముందే చెప్పకపోతివి” అన్నాడు లింగస్వామి.

“అడిగిన గదా, గిట్లనే ఉంచుతవా అని. గిట్లనే అంటివి. నేనేమనుకున్న? సదువుకున్న కోడలు చెప్పి చేయిస్తుందేమొ, కొత్త పద్ధతేమొ అనుకున్న.”

కష్టమంతా ఆ తర్వాతే. రోజూ నీళ్లు పట్టాలి, తుంగ పీకాలి, కాని తీగలను ముట్టుకోకూడదు. అవి ఇష్టమొచ్చినట్టు వంకర్లు తిరుగుతూ, ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ, తన తొమ్మిది రోజుల గీతలను చెరిపేస్తుంటే లింగస్వామి వేళ్లు నిలవలేదు. కత్తెర గోవిందమ్మకిచ్చి, అడిగినా ఇవ్వొద్దన్నాడు. రెండో రోజే అడిగాడు. ఆమె ఇవ్వలేదు. ఉత్తర కార్తె వానలు కలిసొచ్చాయి. మొదట గళ్లు మసకబారాయి, తర్వాత లుంగీ పోయింది, చివరికి ఒకటే పచ్చటి దుప్పటి మిగిలింది. గరిక పైకి లేస్తే దీప్తి పెట్టిన షరతు గుర్తుంచుకుని కొడవలితో నాలుగు వేళ్ల ఎత్తుకు కోశాడు. గేటు దగ్గర మూల ఒక్కటే మొండికేసింది. వచ్చేపోయేవాళ్ల కాళ్లన్నీ అక్కడే పడేవి. మూడుసార్లు నాటాడు, మూడుసార్లూ చచ్చింది.

దసరాకు నాలుగు రోజుల ముందు ఆదివారం, దీప్తి ఒక అట్టలో పది కోడిగుడ్లు పట్టుకుని అంగన్వాడీకి వచ్చింది.

వసంతలక్ష్మి గాబరాపడింది. “గివి పిల్లలకిచ్చే సెంటరు గుడ్లు గావు గదా అమ్మా?”

“గావు టీచర్. మా ఇంటియే.”

గరిక మీద కూతురిని నిలబెట్టి, ఆమె తల ఎత్తుకు చెయ్యి పెట్టి, గుడ్డు వదిలేస్తానంది దీప్తి. పగలకపోతే ఆ చోటు పాసయినట్టు. “ఒక్కటి పగలకుంటె అది నసీబు గావచ్చు. పది చోట్ల సూడాలె.”

“గుడ్లు పరీక్ష రాసుడు గిదే మొదలు సూసుడు” అన్నాడు బీరన్న, గోడెక్కి కూర్చుంటూ.

మొదటి గుడ్డు గరికలో పడి, కొంచెం ఊగి, నిలబడిపోయింది. రెండోది పొర్లింది, పగల్లేదు. మనస్విని పరుగెత్తి ఏరి తెచ్చి అమ్మకు ఇస్తోంది. వాకిలి నడుమ, వరండా మెట్ల దగ్గర, నల్లా దగ్గర. లింగస్వామి ప్రతి గుడ్డుకూ ఊపిరి బిగబట్టి వదులుతున్నాడు. తొమ్మిది గుడ్లు తొమ్మిది చోట్ల పడ్డాయి. తొమ్మిదీ నిలిచాయి. దీప్తి పదోదాన్ని కూడా వాకిలి నడుమే వదలబోయింది.

“బిడ్డా” అన్నాడు లింగస్వామి. “గేటు కాడ మూల ఉన్నది. ఆడ మొలుస్తలేదు. ఆడ గూడ ఎయ్యి.”

గోవిందమ్మ అతని మోచెయ్యి గిల్లింది. “నోరు మూసుకుంటె పోయేది గదయ్యా.”

“ఎట్ల మూసుకుంట? లోపం మడతల వెట్టి ఏనాడన్న చీర అమ్మిన్నా?”

దీప్తి ఒక్క క్షణం మామ మొహం చూసి, గేటు మూలకు నడిచి వదిలింది. గుడ్డు టప్పున పగిలింది. మనస్విని ఉరికి వచ్చి ఆ పచ్చసొన పక్కన గొంతుక్కూర్చుని చాలా శ్రద్ధగా చూడసాగింది. బీరన్న గోడ మీద ఊపుతున్న కాలు ఆపేశాడు.

“దీన్నేం చేస్తవు మామా?”

“ఆ తోవ మీద నాలుగు బండలు పరుస్త. కాళ్లు బండల మీద పడతయి. అటీటు మల్ల నాటుత. సంక్రాంతి వరకు కూడుకోవచ్చు.”

“అప్పటి వరకు?”

“అప్పటి వరకు గేటు కాడ నేను కూసుంట. ఉరికితె పట్టుకుంట.”

దీప్తి మిగిలిన తొమ్మిది గుడ్లనూ అట్టలో సర్దుకుంది. తర్వాత ఫోను తీసి, అక్కడే నిలబడి ప్రైవేటు బడికి చేసింది. “నమస్తే సార్. ఈ ఏడు పాపను చేర్పిస్తలేము... లేదు లేదు, ఫీజు గురించి గాదు సార్... ఈడ మంచిగనే ఉన్నది.” ఫోను పెట్టేసి మామగారి వైపు తిరిగి, “జాలీ మాత్రం వారం వారం చూడాలె మామా. పిల్లలకు కాళ్లు కడిగించే లోపలికి పంపాలె. చీమల పుట్ట కనబడితె నాకు ఫోన్ చెయ్యాలె” అని ఇంకా చెబుతూనే ఉంది. లింగస్వామి అన్నిటికీ తల ఊపాడు. వాటిలో సగం అతనికి వినబడలేదు.

సెలవులు అయిపోయిన సోమవారం పొద్దున ఏడున్నరకు పసుపుపచ్చ బస్సు గల్లీ మొదట్లో ఆగి రెండుసార్లు హారను కొట్టింది. పక్క గల్లీ పిల్లలు ఇద్దరు ఎక్కినట్టున్నారు. లింగస్వామి అప్పటికే గేటు మూలకు నీళ్లు పట్టి ఉండాల్సింది. ఎండెక్కితే కొత్తగా నాటిన తీగలకు మంచిది కాదు. కాని మనస్విని అతని చెయ్యి మీద తల పెట్టి, కాలు పొట్ట మీద వేసి, నోరు తెరుచుకుని నిద్రపోతోంది. చెయ్యి తిమ్మిరెక్కింది. బస్సు చప్పుడు చెరువు మలుపు దాకా వినబడి ఆగిపోయింది. లింగస్వామి కదలలేదు.